బావి త్రవ్వినవాడు వెళ్లిపోయాక

రేడియో సందేశం
ధ్యానభాగము: ఆదికాండము 26:15–22

 

ప్రియులారా, ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ ఉదయం మీరు త్రాగిన మొదటి గ్లాసు నీళ్లు ఎక్కడినుండి వచ్చాయి? కుళాయి తిప్పితే వచ్చాయా? బోరింగు కొడితే వచ్చాయా? ఇరవై లీటర్ల క్యాను కొనుక్కున్నారా? ఎక్కడినుండి వచ్చినా, మన దాకా వచ్చాయి గనుక మనం ఆలోచించము. రానివారు మాత్రం పొద్దు పొడవకముందే దాని గురించే ఆలోచిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం ఈ భూమిమీద దాదాపు 210 కోట్ల మందికి సురక్షితమైన త్రాగునీరు ఇంటి దగ్గర అందుబాటులో లేదు. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి. వారిలో పది కోట్లకు పైగా ప్రజలు చెరువు నీళ్లు, వాగు నీళ్లు ఉన్నవి ఉన్నట్టే త్రాగుతున్నారు.

ఇప్పుడు మన ధ్యానభాగానికి వద్దాము. అబ్రాహాము కాలంలో త్రవ్విన బావులు కొన్ని ఉన్నాయి. ఆయన చనిపోయిన తరువాత ఫిలిష్తీయులు వాటిని మన్ను పోసి పూడ్చివేశారు. ఇస్సాకు గెరారు లోయకు వచ్చి గుడారము వేసుకొని, మొదట ఏమి చేశాడో గమనించండి. తండ్రి త్రవ్విన ఆ పాత బావులనే తిరిగి త్రవ్వించాడు. తండ్రి పెట్టిన పేర్లే వాటికి మళ్లీ పెట్టాడు. తరువాత అతని దాసులు లోయలో త్రవ్వగా జలలు గల బావి దొరికింది. వెంటనే కొట్లాట వచ్చింది. ఆ నీళ్లు మావేనని అక్కడి కాపరులు అన్నారు. దానికి ఏశెకు అని పేరు పెట్టి ముందుకు నడిచాడు. ఇంకొకటి త్రవ్వితే మళ్లీ తగాదా. దానికి శిత్నా అని పేరు. మూడవ బావి దగ్గర ఎవరూ జగడమాడలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. అందరికీ చోటు దొరికిందని ఆ పేరు చెబుతుంది.

ఈ భాగంలోనుండి మూడు మాటలు చెప్పాలని ఆశపడుతున్నాను. మూడూ 'అ' అక్షరంతోనే మొదలవుతాయి గనుక పిల్లలు కూడా గుర్తుపెట్టుకోవచ్చు. అడుగుట. అప్పగించుట. అందరికి చోటిచ్చుట.

మొదటిది, అడుగుట.

ఇస్సాకు ధనవంతుడు. పనివారు ఉన్నారు, బలము ఉన్నది. వచ్చీ రాగానే తనకు నచ్చిన చోట త్రవ్వించుకోవచ్చు. కాని ముందు ఆ నేలలో ఇంతకుముందు నీళ్లు ఎక్కడ దొరికాయో తెలుసుకున్నాడు. ఆ నేల ఎరిగినవారి పనిని గౌరవించాడు.

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ అమాదే అనే సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు ఉండేవాడు. 2000 సంవత్సరంలో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో శాన్ పాబ్లో అనే చిన్న పల్లెకు ఆయనను రమ్మని పిలిచారు. అక్కడ కుళాయి లేదు. ఇంజనీరును పెట్టుకునే డబ్బు ఆ ఊరికి లేదు. నది నుండి ఇంటికి నీళ్లు మోయవలసి వచ్చి ఆడపిల్లలు బడికి వెళ్లలేకపోతున్నారు. ఆయన అది చూశాడు. నీళ్లు ఎక్కడ ఉన్నాయని వెదికితే, ఊరికి దగ్గరలోనే ఒక జలపాతము ఉన్నది. తిరిగి వెళ్లి ఎనిమిది మంది విద్యార్థులను పోగుచేశాడు. కరెంటు లేకుండా, ఆ జలపాతపు శక్తితోనే పనిచేసే మంచినీటి పథకాన్ని తయారుచేశారు. ఊరివారు కూడా చెమటోడ్చారు. మొత్తం ఖర్చు 14,000 డాలర్లు. ఆ అనుభవంలోనుండి 2002లో ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ అమెరికాలో మొదలైంది. సరిహద్దులు లేని ఇంజనీర్లు అని దాని అర్థం. ఇదే పేరుతో ఫ్రాన్సులో 1982లోనే ఒక సంస్థ పుట్టింది. కెనడాలో 2000లో పుట్టింది. చదువుకున్న చదువును జీతము లేకుండా కొంతకాలం బీదల పల్లెకు ఇవ్వడం వీరి పని.

మోటారు కావాలి, డీజిలు కావాలి అనుకొని వెళ్లినవాడికి ఆ జలపాతం కనబడి ఉండేదా? ఊరివారిని అడిగినవాడికే ఊరిలో ఉన్నది కనబడుతుంది. మన ప్రభువును చూడండి. మార్కు సువార్త పదవ అధ్యాయంలో గ్రుడ్డివాడైన బర్తిమయి ఆయన యెదుట నిలిచినప్పుడు, అతనికి కావలసినది చూపు అని ప్రభువుకు తెలియదా? చూసిన ప్రతివానికి తెలుసు. అయినా ఆయన, నీ కొరకు నేనేమి చేయాలి అని అతనినే అడిగాడు. సర్వము ఎరిగినవాడే అడిగితే, సగము ఎరిగిన మనము అడగకుండా ఎలా పని మొదలుపెడతాము?

మన గోదావరి జిల్లాలవారికి కాటన్ దొరగారిని గురించి చెప్పనవసరం లేదు. ఆయన జీతము తీసుకున్న ప్రభుత్వ ఇంజనీరే, స్వచ్ఛంద సేవకుడు కాడు. అయినా ఒక పాఠం నేర్పాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆ మనిషి, ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో తంజావూరు సీమలో చోళులు కట్టిన పాత కల్లణ ఆనకట్టను చూసి నేర్చుకున్నానని దాచకుండా చెప్పాడు. పూర్వపు బావుల దగ్గర ఇస్సాకు కూర్చున్నట్టే ఆయన కూడా పూర్వుల పని దగ్గర కూర్చున్నాడు.

ఒక్క మాట కలుపుతాను. మనుషులను అడిగితే చాలదు, నీళ్లను కూడా అడగాలి. రెండవ రాజులు రెండవ అధ్యాయంలో యెరికో పట్టణస్థులు ఎలీషాతో ఏమి చెప్పారు? ఊరు ఉన్న చోటు బాగున్నది గాని నీళ్లు మంచివి కావు అన్నారు. మన నల్గొండ ప్రాంతపు బిడ్డలు ఆ మాట ఎరుగుదురు. నీళ్లు చూపుకు తేటగానే ఉంటాయి. కాని లోపల ఫ్లోరైడు. ఏళ్ల తరబడి త్రాగినవారి పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. బంగ్లాదేశ్‌లో 1970లలో కలరాను, విరేచనాలను తప్పించాలన్న మంచి మనసుతోనే లక్షల గొట్టపు బావులు వేశారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషము ఉందని 1990లలో బయటపడింది. అప్పటికి కోట్లమంది త్రాగుతున్నారు. మంచి మనసు ఒక్కటే చాలదు సహోదరులారా. ఒక సీసాడు నీళ్లు పరీక్షకు పంపడం కూడా ప్రేమలో భాగమే.

రెండవది, అప్పగించుట.

అబ్రాహాము బావులు ఎందుకు పూడిపోయాయి? త్రవ్వినవాడు చనిపోయాడు, శత్రువులు పూడ్చారు, కాపాడుకొనేవాడు అక్కడ లేడు. ఫిలిష్తీయుల అసూయ మన్ను పోసింది నిజమే. కాని ఈ రోజుల్లో ఫిలిష్తీయులు రానక్కరలేదు. మన అజాగ్రత్త చాలు.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. పరిచర్యలోకి రాకముందు నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివాను. ఆ రోజుల్లో మా సంఘ యౌవనస్థులమంతా కలిసి, క్రిస్మస్ కేరల్స్‌లో వచ్చిన కానుకలు పోగుచేసి, మెట్ట ప్రాంతంలో ఒక పల్లెకు బోరు వేయించి చేతిపంపు బిగించాము. చదువు నాది గనుక పెత్తనమూ నాదే. ఎక్కడ వేయాలో నేనే చూపించాను. ప్రారంభోత్సవం నాడు కొబ్బరాకులు కట్టి, పాటలు పాడి, నల్లరాతిమీద మా పేర్లు చెక్కించి ప్రక్కన పాతాము. నీళ్లు పడినప్పుడు పిల్లలు కేకలు వేశారు. ఆ రాత్రి లారీలో తిరిగి వస్తూ, దేవుని కొరకు ఎంత గొప్ప పని చేశామో అనుకున్నాము.

దాదాపు మూడేళ్ల తరువాత ఒక పెండ్లికి వెళ్తూ ఆ దారిన పోయాను. గర్వంగా బస్సు దిగాను. పంపు హ్యాండిలు పైకి లేచి అలాగే ఉంది. దానికి ఎవరో గేదెను కట్టారు. ప్రక్కన అరుగుమీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఏమైందమ్మా అని అడిగాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. రాతివైపు చేయి చూపించి, "రాయి బాగానే ఉంది బాబూ, నీళ్లే రావట్లేదు" అన్నది.

ప్రియులారా, ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ ముసలమ్మ చేసిన ప్రసంగమంత చిన్నదీ, అంత లోతైనదీ నేను వినలేదు.

ఏమి పాడైందో తరువాత కనుక్కున్నాను. లోపల సిలిండరులో ఉండే వాషర్లు అరిగిపోయాయి. వాటి ఖరీదు ఆ రోజుల్లో ఒక టీ ఖర్చుకంటే పెద్ద ఎక్కువ కాదు. కాని వాటిని మార్చాలంటే భూమిలోని గొట్టాలన్నీ పైకి తీయాలి. తీసే పనిముట్లు ఊరిలో లేవు. తీయడం ఎవరికీ నేర్పలేదు. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. మేము నీళ్లు ఇచ్చాము గాని, పానా ఇవ్వలేదు. రాతికి ఖర్చుపెట్టిన డబ్బుతో ఆ ఊరికి పదేళ్లకు సరిపడా వాషర్లు వచ్చేవి.

నా ఒక్కడి కథే అయితే నేను సిగ్గుపడి ఊరుకునేవాడిని. కాని ఇది లోకమంతటి కథ. మన దేశంలోనే 1960లలో, 70లలో కరువు వచ్చినప్పుడు వేలాది బోర్లు వేసి పోత ఇనుము పంపులు బిగించారు. అవి ఒక కుటుంబం వాడుకోవడానికి తగిన పంపులకు నకళ్లు. మన పల్లెలో తెల్లవారుజాము నుండి చీకటి పడేదాకా వందలమంది కొట్టాలి. 1970ల మధ్యలో యూనిసెఫ్ పరిశీలించి చూస్తే దాదాపు నాలుగింట మూడు వంతుల పంపులు పనిచేయడం లేదు. అప్పుడు మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ ప్రాంతాల్లో మిషన్ల నీటి పనిలో ఉన్నవారు ఒక పని చేశారు. విరిగిన పంపులను విప్పి, ఎందుకు విరిగాయో చూసి, గట్టిగా నిలిచే ఉక్కు పంపును తయారుచేసుకున్నారు. ఆ షోలాపూర్ పంపును ఆధారం చేసుకొని ప్రభుత్వము, యూనిసెఫ్ కలిసి రూపొందించినదే ఇండియా మార్క్ టూ. మన ప్రతి ఊరిలో బోరింగు అని పిలుచుకునే ఆ పంపే. ఏ పల్లె చిన్న వర్క్‌షాపులోనో పడిన కష్టం తరువాత లక్షల ఊళ్లకు, ఆఫ్రికా దేశాలకు కూడా వెళ్లింది.

అయితే గట్టి పంపు వచ్చినంత మాత్రాన సమస్య తీరలేదు. గట్టిదైనా ఎప్పుడో ఒకనాడు అరుగుతుంది. అందుకే తమిళనాడులో పంపుతో పాటు ఒక ఏర్పాటు కూడా చేశారు. ఊరిలో ఒక సంరక్షకుడు, బ్లాకులో ఒక మెకానిక్కు, జిల్లాలో ఒక మరమ్మతు బండి. తరువాత వచ్చిన మార్క్ త్రీ పంపులో గొట్టాలన్నీ పైకి తీయకుండానే వాషర్లు మార్చే వీలు పెట్టారు. ఊరివారే చేసుకోవాలన్నది ఆ ఉద్దేశం. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల తొలినాళ్లలో మహిళా సమాఖ్య కార్యక్రమం క్రింద, అక్షరం రాని బీద స్త్రీలకు పంపు మరమ్మతు నేర్పించారు. ఆడవాళ్లకు పానా పట్టడం ఏమి వస్తుందని నవ్వినవారే, తరువాత తమ పంపు బాగుచేయమని వారి ఇంటికి కబురు పంపారు. నీళ్లు మోసేది ఎవరో, పంపు పాడైతే మొదట బాధపడేది ఎవరో, తాళంచెవి వారి చేతిలోనే ఉండాలి.

ఆఫ్రికాలోని మలావీ దేశపు సంగతి కూడా వినండి. కెనడా ఇంజనీర్ల సంస్థలో పనిచేసిన ఒక యువకుడు 2011లో బహిరంగ సభలో నిలబడి చెప్పాడు. ఒక ప్రాంతంలో కొండమీదనుండి గొట్టాలతో నీళ్లు దింపి కట్టిన 113 కుళాయిలలో 81 పనిచేయడం లేదు. ఇంకా విచారకరమైన సంగతి ఏమిటంటే, ఆ కుళాయిల ప్రక్కనే అంతకు పదేళ్ల ముందు వేరొక దేశపు సాయంతో అదే పద్ధతిలో కట్టినవి కూడా పాడై పడి ఉన్నాయి. అవి ఎందుకు పాడయ్యాయని ఎవరూ అడగలేదు. వాటి ప్రక్కనే మళ్లీ అవే కట్టారు. కట్టడానికి డబ్బిచ్చేవారు చాలామంది ఉన్నారు. కాపాడడానికి డబ్బిచ్చేవారు లేరు.

ఆ సంస్థ చేసిన ఒక పని నా హృదయాన్ని తాకింది. వారు 2008లో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు తమ వైఫల్యాలను తామే పుస్తకంగా అచ్చువేసి, చందాలిచ్చినవారి చేతుల్లో పెట్టారు. ఇక్కడ తప్పు చేశాము, ఇందువల్ల తప్పాము, మీరు ఇలా చేయకండి అని వ్రాశారు. మన సంఘాల వార్షిక నివేదికలు ఎలా ఉంటాయి? ఎన్ని బోర్లు వేశామో ఉంటుంది, ఎన్ని ఇప్పుడు నీళ్లు పోస్తున్నాయో ఉండదు. పాపములు ఒప్పుకోవడం ఎరిగిన జనాంగము మనము. అయినా రిపోర్టు వ్రాసేటప్పుడు మాత్రం ఒప్పుకోలు మరచిపోతాము.

మరి కొందరు నేర్చుకున్నారు. అమెరికాలోని ఆ ఇంజనీర్ల సంస్థ, ఒక సమాజంతో పని మొదలుపెడితే కనీసం ఐదేళ్లు వారితో కలిసి ఉండాలని నియమం పెట్టుకున్నది. ఖర్చులో కొంత భాగం ఊరివారే నగదుగా పెట్టాలి. బీదవారి దగ్గర డబ్బు అడుగుతారా అని మనకు అనిపిస్తుంది. కాని తాను పెట్టిన రూపాయి ఉన్న పంపును ఎవరూ గేదెను కట్టే గుంజ చేయరు.

అప్పగించడమంటే ఏమిటో చెప్పే ఒక జీవితాన్ని కూడా జ్ఞాపకం చేసుకుందాము. బెన్ లిండర్ అనే అమెరికా యువకుడు 1983లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి నికరాగ్వా దేశానికి వెళ్లాడు. కొండల మధ్య ఎల్ కువా అనే పల్లెకు వాగు నీటితో చిన్న విద్యుత్ కేంద్రం కట్టడంలో పాలుపొందాడు. తాను ఒక్కడే నడిపే యంత్రంగా కాక, అక్కడి పల్లెవారికి ఆ పని నేర్పుతూ కట్టాడు. అప్పుడు ఆ దేశంలో యుద్ధం జరుగుతున్నది. 1987 ఏప్రిల్ 28న, మరొక పల్లె అయిన బొకాయ్ కొరకు వాగులో నీటి ప్రవాహాన్ని కొలిచే పనిలో ఉండగా అతనిని చంపివేశారు. అతనితో పాటు ఇద్దరు నికరాగ్వా సహోదరులు కూడా చనిపోయారు. అతని వయస్సు 27 ఏళ్లు. అంతటితో ఆగిపోయిందా? లేదు. అతనితో పనిచేసినవారు ఆ పనిని విడువలేదు. బొకాయ్ విద్యుత్ కేంద్రం 1994లో పూర్తయింది. కొలిచినవాడు లేడు, దీపము మాత్రం వెలిగింది. త్రవ్వినవాడు వెళ్లిపోయాక కూడా నీళ్లు వచ్చేదే నిజమైన బావి.

మూడవది, అందరికి చోటిచ్చుట.

ఇస్సాకు రెండు బావులు విడిచి ఎందుకు వెళ్లాడు? నీళ్లు లేక కాదు, సమాధానము లేక. జలలు ఊరుతున్న బావినే వదులుకున్నాడు. చివరికి చోటు దొరికిన బావి దగ్గర ఆగాడు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్నదే కాదు, ఆ నీళ్ల దగ్గరకు ఎవరు రాగలరన్నది కూడా దేవుడు చూస్తాడు.

నేను ఒప్పుకోవలసినది ఇంకొక సగం ఉంది. ఆ పల్లెలో పంపు ఎక్కడ వేయించానో తెలుసా? మాకు భోజనం పెట్టిన పెద్దమనిషి ఇంటి ముందు. నీడ ఉంది, లారీ తిరగడానికి వీలుంది, ఆయన మర్యాద చేశాడు. పల్లె చివర పదిహేను ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లవారు ఆయన వాకిట్లోకి వచ్చి బిందె పెట్టరాదు. అది నేను అడగలేదు. పంపు పనిచేసిన ఆ రెండేళ్లు కూడా వారికి నీళ్లు రాలేదు. పాడైన పంపు అందరికీ సమానమయింది, అంతే. మన తెలుగు నేలమీద ఏ బావి ఎవరిదో, ఏ గిలకమీద ఎవరి తాడు పడకూడదో మన తాతలు ఎరుగుదురు. మనలో చాలామంది ఆ బావి అంచున చేతులు చాచి, పైనుండి ఎవరైనా పోస్తారా అని నిలబడినవారి మనుమలమే. అలాంటి మనమే బావి వేసి, మళ్లీ అదే గీత గీస్తే ప్రభువుకు ఏమి జవాబు చెప్పగలము? సుఖారు బావి దగ్గర ఆయన, తనవారు అంటుకోని సమరయ స్త్రీని నీళ్లిమ్మని అడిగాడు. ఆమె పాత్రతోనే త్రాగడానికి సిద్ధపడ్డాడు.

ఇంకొక సంగతి కూడా సూటిగా చెప్పనివ్వండి. సువార్త చెప్పాలి గాని బోర్లు, రోడ్లు మన పనా అని కొందరు అడుగుతారు. చన్నీళ్లు ఒక గిన్నెడు ఇచ్చినవాని ఫలము పోదని చెప్పిన ప్రభువును అడగండి. నీళ్లిచ్చి మతము కొనవచ్చు కదా అని మరికొందరు తలుస్తారు. అది మహా పాపము. దేవుడు వర్షమును మంచివారిమీద, చెడ్డవారిమీద ఒకేలాగు కురిపిస్తుంటే, మనము పంపుకు షరతు పెట్టడానికి ఎవరము? నీళ్లకు ప్రార్థనకూటమి టిక్కెట్టు కట్టకండి. దాహము తీర్చడమే సాక్ష్యము. అడిగినవారికి ఎందుకు తీర్చామో చెబుదాము.

ప్రియ సంఘమా, ఇప్పుడు చాలా ఊళ్లలో ఇంటింటికీ కుళాయి వచ్చింది. దేవునికి స్తోత్రం. అయినా మన పని అయిపోలేదు. సంఘం పెట్టించిన ఆర్.ఓ. ప్లాంటు మెంబ్రేన్ మార్చక మూతబడి ఉండవచ్చు. దాతలిచ్చిన సోలార్ దీపం బ్యాటరీ చచ్చిపోయి స్తంభం మాత్రమే నిలిచి ఉండవచ్చు. హాస్టల్ మరుగుదొడ్డి తలుపు విరిగి ఉండవచ్చు. ఈ వారం వెళ్లి చూడండి. క్రొత్తది కట్టేముందు పాతది త్రవ్వండి. ఇస్సాకు చేసింది అదే.

క్రొత్తది చేయాలనుకుంటే, గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా పధ్నాలుగవ అధ్యాయంలో చెప్పాడు గదా, ఆ లెక్కలో కట్టే ఖర్చుతో పాటు పదేళ్లు నడిపే ఖర్చు కూడా వేయండి. ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి ఎక్కడ వేయాలో అడగండి. నీళ్లు పరీక్ష చేయించండి. ఇద్దరికైనా మరమ్మతు నేర్పి, పనిముట్ల పెట్టె వారి ఇంట్లో పెట్టండి. నెలకు ఇంటికి కొద్దిపాటి చందా వేసుకొనే కమిటీ పెట్టించండి. ఒక సంవత్సరం తరువాత మళ్లీ వెళ్లే తేదీని ప్రారంభోత్సవం నాడే వ్రాసుకోండి. రాయి వేయించాలని ఆశ ఉంటే, ఆ రాతిమీద మన పేర్లు కాదు, పంపు పాడైతే పిలవవలసిన మెకానిక్కు పేరు చెక్కించండి.

యౌవనస్థులారా, ఈ రోజున తెలుగు ఇళ్లలో ఇంజనీరు లేని ఇల్లు తక్కువ. హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. దేవుడు మీ ఉద్యోగాన్ని దీవించును గాక. సంవత్సరంలో కొన్ని రోజులు మీ చదువును ఒక పల్లెకు ఇవ్వగలరా? డబ్బు పంపడం తేలిక. వెళ్లి వినడం కష్టం. తాపీమేస్త్రీ అన్నయ్యా, ప్లంబరు తమ్ముడూ, కరెంటు పని చేసే సహోదరుడా, డిగ్రీ లేదని వెనుకకు పోవద్దు. మన ప్రభువు వడ్లవాడు. చేతికి కాయలు కాచినవాడు.

ఆ పల్లెకు నేను తిరిగి వెళ్లానా అని మీరు అడుగుతారు. వెళ్లాను. ఒక్కనాడు కాదు, సిగ్గు తీరేదాకా వెళ్లాను. ఈసారి చివరి పదిహేను ఇళ్లవారి దగ్గర మొదట కూర్చున్నాను. మొదటి రోజు వారు నాతో ఏమీ మాట్లాడలేదు. మూడవసారి ఒక సహోదరి, "అయ్యగారూ, ఇన్నాళ్లకు మమ్మల్ని అడిగారు" అన్నది. పంపును ఊరు మధ్య దారిలోకి మార్చాము. ఆమెకు, ఇంకొక చెల్లెలికి ఒక మెకానిక్కు పని నేర్పాడు. పాత నల్లరాయి ఏమైందంటారా? దాన్ని తిరగవేసి పంపు క్రింద బిందె పెట్టుకునే గట్టుగా వేశారు. మా పేర్లు నేలవైపు ఉన్నాయి. వాటిమీద బిందెలు నిండుతున్నాయి. వాటికి అంతకంటే మంచి చోటు లేదు.

ముగిస్తాను. యాకోబు ఒక బావిని ఇచ్చి పోయాడు. అతడు, అతని కుమారులు, పశువులు ఆ నీళ్లు త్రాగారు. తరాలు గడిచాయి. రాజ్యాలు లేచాయి, పడ్డాయి. ఎవరో దాన్ని పూడుకుపోకుండా చూస్తూ వచ్చారు, వారి పేర్లు మనకు తెలియవు. వందల ఏండ్ల తరువాత ఒక మధ్యాహ్నం ప్రయాణముచేత అలసిపోయిన లోకరక్షకుడు ఆ బావి దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. త్రవ్విననాడు యాకోబుకు అది తెలుసా? మనము వేసిన బావి దగ్గరకు రేపు ఎవరు వచ్చి కూర్చుంటారో మనకూ తెలియదు. ఆయన వచ్చేనాటికి దానిలో నీళ్లు ఉండాలి, అంతే.

ప్రార్థన చేసుకుందాము.

జీవజలపు ఊట అయిన తండ్రీ, మేము రాళ్లు నిలబెట్టి నీళ్లు మరచిన దినముల కొరకు మమ్మును క్షమించుము. అడిగే వినయమును, అప్పగించే ప్రేమను, అందరికీ చోటిచ్చే విశాల హృదయమును మాకు దయచేయుము. ఈ పూట బిందె పట్టుకొని దూరము నడుస్తున్న ప్రతి తల్లినీ, ప్రతి బిడ్డనూ జ్ఞాపకము చేసుకొనుము. నీవు మాకిచ్చిన చదువును, చేతులను వారి కొరకు వాడుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.